సరిహద్దు దాకే బస్సు పూచీ

2023 చివర్లో థాయ్‌లాండ్, మలేషియా మనవాళ్లకు వీసా అక్కర్లేదన్నాక, హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌లో దిగి, అక్కణ్ణుంచి వ్యాన్లలో, బస్సుల్లో పక్క దేశాలు చుట్టొచ్చే ఆలోచన చాలామందికి వస్తోంది. మంచి ఆలోచనే. కాకపోతే విమానాశ్రయంలో నేర్చుకున్న పద్ధతులు రోడ్డు సరిహద్దులో పనికిరావు.

అపోహ: అవతలి ఊరిదాకా టికెట్ తీసుకుంటే బస్సువాళ్లే దాటిస్తారు.

సరిహద్దు దాటాల్సింది మీరే. థాయ్‌లాండ్‌లోని నాంగ్ ఖాయ్ నుంచి లావోస్ రాజధాని వియంటియాన్‌కు 1994లో కట్టిన మైత్రీ వంతెన మీదుగా వెళ్లాలి. ఇవతల దిగి ఎగ్జిట్ స్టాంపు వేయించుకుని, బస్సెక్కి వంతెన దాటి, అవతల మళ్లీ దిగి ఎంట్రీ స్టాంపు వేయించుకోవాలి. థాయ్‌లాండ్‌లో బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి, లావోస్‌లో కుడివైపు. ఆ మార్పు లావో చెక్‌పోస్టుకు కాస్త ముందు జరుగుతుంది, చూసి తీరాలి! స్టాంపు పడిందా, తేదీ సరిగ్గా ఉందా అన్నది కౌంటర్ దగ్గరే చూసుకోండి. థాయ్‌లాండ్‌లో గడువు దాటితే రోజుకు 500 బాత్ జరిమానా.

వియత్నాంలోని హోచిమిన్ సిటీ నుంచి కంబోడియా రాజధాని నాంపెన్ వెళ్లే బస్సుల్లో సహాయకుడు అందరి పాస్‌పోర్టులూ పోగుచేస్తాడు. కంగారు పడక్కర్లేదు, ఆ దారిలో అది మామూలే. వీసా రుసుమెంత, అతనికి ఇచ్చేదెంత అన్నది మాత్రం ముందే అడగండి.

అపోహ: వీసా సరిహద్దులో ఇస్తారు.

లావోస్ ముఖ్య సరిహద్దుల్లో ఇస్తారు. వియత్నాం ఇవ్వదు. 2023 ఆగస్టు నుంచి ఆ దేశం అందరికీ 90 రోజుల ఈ-వీసా ఇస్తోంది కానీ, అది ముందే చేతిలో ఉండాలి, జాబితాలో ఉన్న చెక్‌పోస్టుల నుంచే వెళ్లాలి. థాయ్‌లాండ్‌లోకి వీసా లేకుండా రోడ్డు మార్గాన ఏడాదికి రెండుసార్లే రానిస్తారు. 2025 మే నుంచి అక్కడి డిజిటల్ అరైవల్ కార్డు వ్యాన్‌లో వచ్చేవారికీ తప్పనిసరే.

అపోహ: మ్యాపులో దగ్గరే కదా, పూటలో చేరిపోతాం.

హోచిమిన్ సిటీ, నాంపెన్‌ల మధ్య దూరం దాదాపు 230 కిలోమీటర్లు. పట్టే సమయం ఆరేడు గంటలు. హనోయ్ నుంచి వియంటియాన్‌కైతే స్లీపర్ బస్సులో ఇంచుమించు రోజంతా. ఆ దారిలో, కొండల్లోని కావ్ చేవ్ చెక్‌పోస్టు రాత్రి మూసి ఉంటుంది, తెల్లారి తెరిచేదాకా బస్సు ఆగాల్సిందే. ఆ చలికి ఒక స్వెటర్ దగ్గరుంచుకోండి.

అపోహ: అందరూ వెళ్లే దారి కాబట్టి తెరిచే ఉంటుంది.

బ్యాంకాక్ నుంచి కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్ చూడబోయేవారికి పోయిపెట్ సరిహద్దే ఏళ్లతరబడి దారి. 2025 జూన్‌లో అది మూతపడింది. జూలైలో థాయ్‌లాండ్, కంబోడియా సైన్యాలు కాల్పులకు దిగాయి, డిసెంబరులో మళ్లీ పోరు రేగింది. పాత వీడియోలు చూసి టికెట్లు కొనకండి. బయల్దేరే వారంలో కనుక్కోండి.

అపోహ: ఉద్యోగం ఇప్పించేవాళ్లే తీసుకెళ్తున్నారు, కాగితాలు తర్వాత చూసుకోవచ్చు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇదే. బ్యాంకాక్‌లో కంప్యూటర్ ఉద్యోగమని నమ్మించి, దాదాపు 500 కిలోమీటర్ల దూరంలోని మే సాట్‌కు బండిలో తరలిస్తారు. అక్కడ మోయి నది దాటిస్తే మయన్మార్‌లోని మ్యావాడీ. పాస్‌పోర్టులో ఏ స్టాంపూ ఉండదు. సైబర్ మోసాలు చేయించే ముఠాల చేతిలో బందీ అయిపోతారు. 2025 మార్చిలో అలా చిక్కిన 500 మందికి పైగా భారతీయుల్ని వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. వారిలో తెలుగు పిల్లలూ ఉన్నారు. ఉద్యోగం బ్యాంకాక్‌లో అని చెప్పాక, బండి ఊరు దాటి గంటలకొద్దీ పోతుంటే, పెట్రోలు బంకు దగ్గరో, జనం ఉన్నచోటో దిగిపోండి. బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయం నంబరు ఇల్లు కదిలేముందే ఫోన్‌లో వేసుకోండి, ఇంట్లోవాళ్లకూ ఇవ్వండి.