పరుగెత్తితే తొడలు ఎందుకు మండుతాయి?

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లవారుజామున హైస్కూలు గ్రౌండ్లలో పరుగెత్తే కుర్రాళ్లలో చాలామందిది సరదా పరుగు కాదు. కొందరు అగ్నివీర్ ఎంపికల కోసం, ఎక్కువమంది పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరుగెత్తుతారు. పోలీసు నియామకాల్లో జరిగే దేహదారుఢ్య పరీక్షలను వాళ్లు ‘ఈవెంట్స్’ అంటారు. సివిల్ కానిస్టేబుల్‌కు 1600 మీటర్ల పరుగును పురుషులు 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. దానితోపాటు 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్‌లలో ఒకటైనా గట్టెక్కాలి.

1600 మీటర్లకే ఎవరి తొడలూ ఒరుసుకుపోవు. ఒరుసుకుపోయేది ప్రాక్టీసులో. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ 2022 నవంబరులో వచ్చింది. ప్రాథమిక రాతపరీక్ష 2023 జనవరిలో జరిగింది. ఈవెంట్స్ మాత్రం 2024 డిసెంబరు చివర్లో గానీ మొదలు కాలేదు. ఎప్పుడు పిలుస్తారో తెలియదు కాబట్టి ప్రాక్టీసు ఆపడానికి వీల్లేదు. అలా ఎండాకాలాలు, వానాకాలాలు దాటుకుంటూ రోజూ నాలుగైదు కిలోమీటర్లు పరుగెత్తినవాళ్లున్నారు. కాలి నొప్పి వస్తే కోచ్‌కు చెబుతారు. గజ్జల్లో మంట వస్తే ఎవరికీ చెప్పరు. కాళ్లు ఎడంగా వేస్తూ నడుస్తారు, రెండు రోజులు గ్రౌండుకు రారు.

ఇది ఎలా వస్తుందో చూద్దాం. మన చర్మానికి అన్నిటికన్నా పైన స్ట్రాటమ్ కార్నియమ్ (మృతకణాలు దట్టంగా పేర్చుకున్న పలుచని పొర) ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు ఇది గట్టిది. రెండు పొడి చర్మాలు ఒకదానిమీద ఒకటి సులువుగా జారతాయి. చెమట పడితే ఈ పొర నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. అప్పుడు చర్మం చర్మానికి అతుక్కుంటుంది, జారడానికి బదులు లాగుతుంది. తడి చర్మం మీద రాపిడి పొడి చర్మం మీదకంటే రెండు మూడు రెట్లు ఉంటుంది. ఐదు కిలోమీటర్ల పరుగంటే దాదాపు ఐదు వేల అడుగులు. ప్రతి అడుగుకూ ఒకే చోట ఒక లాగుడు. కొంతసేపటికి పైపొర చిరిగి కింది పొర బయటపడుతుంది. మంట మొదలయ్యేది అక్కడే.

దీనికి ఉప్పు తోడవుతుంది. లీటరు చెమటలో సుమారు రెండు నుంచి నాలుగు గ్రాముల ఉప్పు ఉంటుంది. నీరు ఆరిపోయాక అది సన్నని పలుకులుగా మిగిలి చర్మాన్ని గీరుతుంది. మన ప్రాంతంలో ఈ బాధ రెండు దారుల్లో వస్తుంది. ఒంగోలు, చీరాల వైపు సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, తడే చర్మాన్ని ఒరుస్తుంది. రెంటచింతల, మాచర్ల వైపు ఎండ ఎక్కువ, వేసవి గాలి పొడి. చెమట తొందరగా ఆరి ఉప్పు మిగులుతుంది. అక్కడ పరుగు ముగిశాక బనియను మీద తెల్లటి చారలు కనిపిస్తాయి. ఆ చారలున్న బట్టను ఉతక్కుండా మర్నాడు మళ్లీ వేసుకుంటే ఉప్పు కాగితంతో రుద్దుకున్నట్టే.

ఇక బట్ట సంగతి. పత్తి పండించే నేల మీద ఈ మాట అనడం కాస్త ఇబ్బందే, అయినా చెప్పక తప్పదు. పరుగుకు నూలు బట్ట పనికిరాదు. పత్తి పోగు సెల్యులోజ్ (మొక్కల కణాల గోడల్లో ఉండే పీచు పదార్థం). దానికి నీరంటే ప్రీతి. మామూలు గాలిలో ఉన్నప్పుడే నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమ పట్టుకుని ఉంటుంది. పాలిస్టర్‌కు అది అర శాతం కూడా ఉండదు. చెమటలో తడిసిన నూలు బనియను నీళ్లన్నీ తనలోనే దాచుకుని బరువెక్కుతుంది, ఒంటికి అంటుకుంటుంది, అడుగడుగుకూ ఛాతీ మీద ఊగుతుంది. దూరం పరుగెత్తే మగవాళ్లకు చనుమొనలు ఒరుసుకుపోయి చొక్కా మీద రక్తపు మరక పడేది ఇందువల్లే. అమెరికా వైద్య పత్రికలు 1970ల్లోనే ఈ సమస్యను గుర్తించి రాశాయి. పాలిస్టర్ జెర్సీలో చెమట పోగులోకి ఇంకదు, పోగుల సందుల్లోంచి పైకి పాకి అక్కడ ఆరుతుంది.

అలాగని ఏ జెర్సీ అయినా సరిపోదు. లోపలివైపు లావుపాటి కుట్లు, మెడ దగ్గర గరుకు లేబుల్, ఛాతీ మీద మందపాటి ప్లాస్టిక్ ప్రింటు ఉంటే అవే ఒరుస్తాయి. బట్టను తిరగేసి కుట్ల మీద వేలితో తడిమి చూస్తే కొనేముందే తెలుస్తుంది. కొత్త బట్టలో గంజి గరుకు ఉంటుంది కాబట్టి ఒకటి రెండుసార్లు ఉతికాకే పరుగుకు వేసుకోవాలి. ఈవెంట్స్ రోజున కొత్త నిక్కరు తొడుక్కుని వెళ్లడం చాలామంది చేసే పని. అంతకంటే పాత నిక్కరే మేలు.

తొడలకు అసలు పరిష్కారం వాటి మధ్య రాపిడి లేకుండా చేయడం. వదులు నిక్కరు లోపల ఒంటిని పట్టుకుని ఉండే పొట్టి టైట్స్ వేసుకుంటే చర్మం చర్మానికి తగలదు, బట్ట బట్ట మీద జారుతుంది. తొడలు కలిసే చోటు దాటి కిందిదాకా దాని పొడవు ఉండాలి. పొట్టిదైతే అంచు సరిగ్గా ఒరుపు దగ్గరే చుట్టుకుంటుంది. తొడలు లావుగా ఉన్నవాళ్లకే ఈ బాధ అనుకుంటారు గానీ, సన్నగా కండపట్టి ఉన్నవాళ్లకూ వస్తుంది.

రెండో ఉపాయం మనవాళ్లకు కొత్తది కాదు. ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టినట్టే చర్మానికీ పెట్టాలి. ఇందుకు బాగా పనిచేసేది పెట్రోలియం జెల్లీ (ముడి చమురు నుంచి తీసే మెత్తని మైనం). వ్యాజ్‌లైన్ పేరుతో మనకు తెలిసింది ఇదే. దాని పుట్టుక కూడా యంత్రాల దగ్గరే. పెన్సిల్వేనియా చమురు బావుల్లో పంపు కడ్డీలకు పేరుకునే జిగురును కూలీలు గాయాలకు పూసుకోవడం రాబర్ట్ చీస్‌బ్రో అనే రసాయనికుడు గమనించాడు. దాన్ని శుద్ధిచేసి 1872లో పేటెంట్ తీసుకున్నాడు. ఈ జెల్లీ నీళ్లలో కరగదు, చర్మంలోకి పెద్దగా ఇంకదు, కాబట్టి చెమటలోనూ నిలుస్తుంది. పరుగుకు ముందు తొడల లోపలి వైపు, చంకల్లో, చనుమొనల మీద పొడి చర్మానికి మందంగానే రాయాలి. గంట దాటే పరుగైతే మళ్లీ రాయాలి. కొబ్బరినూనె కూడా కొంత పనిచేస్తుంది. అయితే అది పలుచన, చెమటతో తొందరగా జారిపోతుంది.

పౌడరు మీద మనకున్న నమ్మకమే ఇబ్బంది. పొడి చర్మం మీద పౌడరు మొదట బాగానే జారుస్తుంది. చెమట పెరిగాక అదే ముద్దకట్టి గరుకవుతుంది. నాలుగడుగుల నడకకు పౌడరు చాలు, నాలుగు కిలోమీటర్ల పరుగుకు చాలదు.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన సంగతి ఒకటుంది: మిరప. 2024 డిసెంబరు ఈవెంట్స్ వచ్చింది సరిగ్గా మిరప కోతలు మొదలయ్యే వేళ. పొద్దున పరుగెత్తి పగలు కాయ కోసేవాళ్లు, కల్లంలో కాయ ఆరబోసేవాళ్లు, తొడిమలు తీసేవాళ్లు ఉంటారు. మిరప ఘాటుకు కారణం క్యాప్సైసిన్ అనే పదార్థం. మన నరాల చివర టీఆర్‌పీవీ1 (వేడిని పసిగట్టే ప్రొటీన్) ఉంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి అది మేలుకుంటుంది. క్యాప్సైసిన్ తగిలినా అలాగే మేలుకుంటుంది. అందుకే కారం తగిలిన చోట కాలినట్టు అనిపిస్తుంది. ఈ ప్రొటీన్‌ను 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పరిశోధనకు ఆధారం మిరప ఘాటే.

పైపొర చెక్కుచెదరకుండా ఉంటే ఘాటు లోపలికి మెల్లగా వెళ్తుంది. ఒరుసుకుపోయిన చోట ఆ అడ్డు లేదు, నరాల చివరలు దగ్గరగా ఉంటాయి. కాయ కోసిన చేత్తో జెల్లీ రాసుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ఉత్తి నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా పోదు. ముందు చేతులకు, గోళ్ల సందుల్లోకి కొబ్బరినూనె పట్టించి రుద్ది, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. కల్లంలో మెడకు వేసుకున్న తువ్వాలుతో తొడలు తుడుచుకోకూడదు. పరుగు బట్టలను కల్లం బట్టలతో కలిపి ఉతక్కూడదు. రన్నింగ్ పుస్తకాల్లో సాధారణంగా కనబడని జాగ్రత్తలివి, వాటిని రాసేవాళ్లకు మిరప కల్లాలు తెలియవు కదా.

అమ్మాయిల ఇబ్బంది గురించి గ్రౌండులో మాట్లాడేవాళ్లే తక్కువ. చుడీదార్ ప్యాంటు గజ్జల దగ్గరి కుట్టు, బ్రా కింది పట్టీ, నెలసరి రోజుల్లో ప్యాడ్ అంచులు, ఈ మూడూ ఒరుస్తాయి. ఒంటిని కదలకుండా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా, చుడీదార్ కింద టైట్స్, పట్టీ ఆనే చోట జెల్లీ వాడితే బాధ చాలా తగ్గుతుంది. ప్యాడ్‌ను పరుగుకు ముందు ఒకసారి, తర్వాత వెంటనే ఒకసారి మార్చుకోవాలి.

అప్పటికే ఒరుసుకుపోతే చల్లని నీళ్లతో, తేలికపాటి సబ్బుతో కడిగి, రుద్దకుండా అద్ది తుడవాలి. నీళ్లు కలపని యాంటీసెప్టిక్, స్పిరిట్, మెంథాల్ పౌడరు పచ్చి చర్మం మీద వేయకూడదు. పలుచగా జెల్లీ గానీ జింక్ ఆక్సైడ్ పూత గానీ చాలు. ఇంట్లో మాత్రం వదులుగా ఉండే నూలు లుంగీయే మంచిది. ఒరిపిడి లేకుండా చూసుకుంటే చిన్న గాయం కొద్ది రోజుల్లో మానుతుంది.

మానకపోతే అది ఒరుపు కాకపోవచ్చు. గజ్జల్లో తామర (చర్మం మీద పెరిగే శిలీంధ్రం) మొదట్లో ఇలాగే ఎర్రగా కనిపిస్తుంది. తేడా కనిపెట్టడం కష్టం కాదు. ఒరుపులో మంట ఎక్కువ, తామరలో దురద ఎక్కువ. ఒరుపు రాపిడి ఉన్న చోటే ఉంటుంది. తామర వలయంలా అంచులు పెంచుకుంటూ పాకుతుంది, ఇంట్లో వాళ్లకూ అంటుకుంటుంది. మందుల షాపులో అడిగితే తరచుగా చేతికొచ్చేది స్టిరాయిడ్ కలిసిన క్రీము. అది రెండు రోజుల్లో దురద తగ్గిస్తుంది, లోపల తామర మాత్రం మరింత పాకుతుంది, తర్వాత మామూలు మందుకు లొంగదు. దేశమంతా ఈ క్రీముల వల్ల ముదిరిన తామర పెరగడంతో, చర్మ వైద్యులు మొరపెట్టుకున్నాక కేంద్రం 2018లో చాలా స్టిరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ మీదే అమ్మాలని నిబంధన పెట్టింది. వారం దాటినా ఎరుపు తగ్గకపోయినా, చీము పట్టినా, షుగరు ఉన్నవాళ్లకు గజ్జల్లో పుండు పడినా చర్మ వైద్యుడికి చూపించుకోవాలి. పాత ట్యూబు మీద పేరు చదివి అదే మళ్లీ కొనకండి.