మీటరు తప్పు చూపుతోందా? ఐ.సి. మార్చకండి!

డిప్లొమా, ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లు చాలామంది ప్రాజెక్టు కోసం కరెంటు మీటరు సొంతంగా తయారుచేస్తుంటారు. కరెంటు వెళ్లే దారిలో 0.1 ఓం రెసిస్టరు పెట్టి, దాని మీద వచ్చే వోల్టేజీని ఎల్.ఎం.358 ఐ.సి.తో పెంచి, మైక్రోకంట్రోలరుకు ఇస్తారు. తీరా చూస్తే లోడు తీసేసినా మీటరు 20 మిల్లీ ఆంపియర్లు చూపిస్తుంది! వెంటనే కొత్త ఐ.సి. కొని డబ్బు వృథా చేసుకోకండి.

ఖాళీ తక్కెడ ఒక పక్కకు ఒరిగితే కొట్టువాడు తేలిక పళ్లేనికి చిన్న రాయి కడతాడు. దాన్నే పాసంగం అంటారు. ఐ.సి.కి ఉన్న రెండు ఇన్‌పుట్లు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. ఆ తేడాయే ఆఫ్‌సెట్ వోల్టేజీ. ఎల్.ఎం.358లో ఇది 7 మిల్లీవోల్టుల దాకా ఉండవచ్చని డేటాషీటే చెబుతుంది. 2 మిల్లీవోల్టులున్నా చాలు, 0.1 ఓం దగ్గర అది 20 మిల్లీ ఆంపియర్లతో సమానం. కొత్త ఐ.సి.లోనూ ఎంతో కొంత ఉంటుంది.

మరి తప్పు ఎక్కడుందో తెలిసేదెలా? కాలేజీ ల్యాబులోని మంచి మల్టీమీటరును సిరీస్‌లో పెట్టి రెండు రీడింగులు తీయండి.

1. అసలు కరెంటు 100, 500 ఉన్నప్పుడు మీ మీటరు 120, 520 చూపితే తేడా రెండుచోట్లా ఒకటే. అది ఆఫ్‌సెట్. ప్రోగ్రాములో 20 తీసివేయండి.

2. 110, 550 చూపితే తేడా కరెంటుతో పాటు పెరుగుతోంది. అది ఆఫ్‌సెట్ కాదు. సన్నని వైరు నిరోధం 0.01 ఓం కలిసినా ఇలాగే జరుగుతుంది. వోల్టేజీ తీసుకునే రెండు వైర్లను రెసిస్టరు కాళ్ల దగ్గరే సోల్డర్ చేయండి.

3. 80, 480 చూపితే ఆఫ్‌సెట్ మైనస్‌లో ఉంది. దీనితోనే అసలు చిక్కు. సింగిల్ సప్లై మీద ఐ.సి. అవుట్‌పుట్ సున్నా కిందికి పోలేదు. అందుకే లోడు లేనప్పుడు మీటరు చక్కగా సున్నా చూపిస్తుంది. నిజానికి 20 మిల్లీ ఆంపియర్లు దాటేదాకా అది ఏమీ చూపదు. ప్రోగ్రాములో 20 కలిపినా ఆ చిన్న కరెంట్లు తిరిగి రావు. ఆఫ్‌సెట్ తక్కువ ఉన్న ఐ.సి. వాడాలి.

కాబట్టి సున్నా చూపినంత మాత్రాన మీటరు సరైనదని నమ్మవద్దు.

మనలో చాలామంది ఇళ్లలో ఈ చదువు మనకంటే ముందు చదివినవారు లేరు. లెక్క తప్పితే "మనకు రాదులే" అనిపిస్తుంది. తమ్ముళ్లారా, అది మీ తెలివిలో లోపం కాదు, ఐ.సి. గుణం. ఆ రెండు రీడింగులూ రికార్డులో రాయండి. వైవాలో అడిగితే ధైర్యంగా కారణం చెప్పండి.