పడవ దొర, పల్లె ఉపదేశి

ఏలూరు కాలువ మనందరికీ తెలుసు. తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వస్తుంది. ఇప్పుడు దాని నీళ్ళు పొలాలకు పోతున్నాయి. ఒకప్పుడు ఆ కాలువే రోడ్డు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. తర్వాత కాలువల మీద పడవలు తిరిగాయి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు. గాలి లేకపోతే ఒడ్డున నడుస్తూ తాడుతో లాగేవాళ్ళు.

ఆ పడవల్లో కొన్ని చిన్న ఇల్లులా ఉండేవి. పడుకోవడానికి చోటు, వంటకు చోటు, ఒక పెట్టె నిండా పుస్తకాలు. అవి మిషనరీ దొరల పడవలు. వానాకాలం కొల్లేరు పొంగితే బండి దారులు మునిగిపోయేవి. అప్పుడు పడవే దిక్కు.

మిషనరీ అంటే ఎవరు? తన మతం గురించి చెప్పడానికి వేరే చోటికి వెళ్ళిన మనిషి. 1836లో ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ భార్యలతో బయలుదేరారు. ఒకరిది రాతి పని. ఇంకొకరిది చెప్పులు కుట్టే పని. వాళ్ళు నరసాపురం చేరారు. 1854లో ఏలూరులో ఇంగ్లండు మిషను మొదలైంది. 1880లో కెనడా మిషను మనిషి జాన్ క్రెయిగ్ ఆకివీడులో పని మొదలుపెట్టాడు.

వచ్చిన దొర ముందు తెలుగు నేర్చుకోవాలి. ఎంత చదువుకున్నా, మున్షీ ఎదుట కూర్చుని అ, ఆ దిద్దవలసిందే. 'ళ' పలకదు, 'ణ' పలకదు. పెద్ద వయసులో అక్షరం పట్టడం ఎంత కష్టమో మీకు తెలుసు కదా!

పొద్దున పాఠాలు. తర్వాత ఉత్తరాలు, లెక్కలు, బడి చూడడం. చలికాలం వస్తే పల్లెలకు ప్రయాణం. దొరసానులు ఇళ్ళలోకి వెళ్ళి ఆడవాళ్ళతో మాట్లాడేవాళ్ళు. ఎండలు, జ్వరాలు, కలరా వాళ్ళనూ వదల్లేదు. పసిబిడ్డలను ఇక్కడే పాతిపెట్టి, మళ్ళీ పనిలోకి వెళ్ళిన తల్లులు ఉన్నారు.

అయితే దొర ఒక్కడు. పల్లెలు వందల్లో. దొర ఒక పల్లెకు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తే గొప్ప. మిగతా రోజులు ఎవరు చూడాలి? అందుకే పల్లె మనుషులకే తర్ఫీదు ఇచ్చారు. వాళ్ళే ఉపదేశులు.

ఉపదేశుల్లో చాలామంది ఊరి చివరి పల్లెల వాళ్ళు. కూలీలు, పాలేర్లు. అప్పట్లో వాళ్ళ పిల్లలను ఊరి బడిలో కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. అలాంటి మనిషి పెద్దయ్యాక పలక పట్టాడు. చదవడం వచ్చాక బైబిలు చదివాడు. కొంతమంది పెద్ద చదువుకు సామర్లకోట వెళ్ళారు. అక్కడ కెనడా మిషను 1882లో పాఠశాల పెట్టింది. మిగతావాళ్ళు అప్పుడప్పుడు దొర బంగళాకు వచ్చేవాళ్ళు. పల్లె సంగతులు చెప్పేవాళ్ళు. కొత్త పాఠం నేర్చుకునేవాళ్ళు. జీతం తీసుకుని వెళ్ళేవాళ్ళు. ఆ జీతం చాలా తక్కువ.

ఉపదేశికి తీరిక ఉండేది కాదు. పిల్లలు పశువుల వెంట పోకముందే బడి పెట్టాలి. పగలు జబ్బు పడినవాళ్ళను చూడాలి. రాత్రి కూలీలు తిరిగొచ్చి గంజి తాగాక దీపం ముందు ప్రార్థన, అక్షరాలు. ఎవరికైనా కాగితం వస్తే అతనే చదవాలి. అర్జీ అతనే రాయాలి. పల్లెలో చదవగల మనిషి ఉండడం కొందరు భూస్వాములకు నచ్చలేదు. తప్పుడు నోటు మీద వేలిముద్ర వేయించడం కష్టమయింది మరి!

ఉపదేశి భార్య సంగతి? ఆమె కూడా ఆడవాళ్ళకు చెప్పింది, పిల్లలను చూసింది. కానీ చాలా చోట్ల ఆమె పేరు రాయలేదు. 'ఉపదేశి భార్య' అని రాశారు, అంతే.

ఆమెకూ చదువు చెప్పాలని పట్టుబట్టిన మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన దొర కాదు, తిరునెల్వేలి తమిళుడు. 1909లో దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో బిషప్ అయ్యాడు. ఇంగ్లండు చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. తర్వాత ఏలూరు చర్చి కూడా ఆయన కిందికి వచ్చింది. దోర్నకల్‌లో ఉపదేశులు భార్యాపిల్లలతో ఉండి చదివేవాళ్ళు. మొగుడు ఒక తరగతిలో, పెళ్ళాం ఒక తరగతిలో.

ఆయన దొరల ముఖం మీదే ఒక మాట అన్నాడు. 1910లో స్కాట్లండులో ఎడింబరో అనే ఊళ్ళో పెద్ద సభ జరిగింది. మీరు డబ్బు ఇస్తారు, కష్టపడతారు, కానీ మమ్మల్ని స్నేహితులుగా చూడరని అక్కడ చెప్పాడు. కొందరికి కోపం వచ్చింది. కానీ మాట నిజమే. పాతిక ఏళ్ళు పనిచేసిన ఉపదేశి కూడా నిన్న వచ్చిన కుర్ర దొర ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. జీతం పరాయి దేశం నుంచి వస్తే పెత్తనం కూడా అక్కడివాళ్ళదే. మరి పల్లెలో డబ్బు ఎక్కడిది? ఉపాయం ఆడవాళ్ళ చేతిలో దొరికింది. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్ళు. కూలి దొరకని రోజు కూడా కొందరు మానలేదు. ఆదివారం ఆ బియ్యం గుడికి తెచ్చేవాళ్ళు. ఉపదేశిని పోషించే భారంలో కొంత ఆ పిడికెడు బియ్యం మోసింది.