నువ్వు చెప్పు... కాదు, నువ్వే చెప్పు!

ఆదివారం ఉదయం ఎనిమిది గంటలు. డాలస్‌లో ఇంకా శనివారం రాత్రే. అక్కణ్నుంచి కొడుకు, బెంగళూరు నుంచి కూతురు, విజయవాడలో అమ్మానాన్నలు... అందరూ ఒకే ఫోన్‌కాల్‌లో కలిశారు. 'హలో, వినిపిస్తోందా?' 'ఆ... వినిపిస్తోంది' 'ఏంటీ?' 'నువ్వు చెప్పన్నయ్యా' 'కాదు, నువ్వే చెప్పు'. ఆ వెంటనే ఇద్దరూ మళ్లీ ఒకేసారి మొదలెడతారు. మనవడి స్కూలు, అల్లుడి ఉద్యోగం, మామిడికాయ పచ్చడి... ఈ గోలలోనే అమ్మ మెల్లగా ఓ మాట అంటుంది: 'నాన్నకి రెండు రోజులుగా ఆయాసంగా ఉంటోందిరా'. ఆ మాట ఎవరికీ వినబడదు. కాల్ అయిపోతుంది.

తప్పు పిల్లలది కాదు, అమ్మది అంతకంటే కాదు. మరి ఎవరిది?

రెప్పపాటు కంటే తక్కువే!

ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు 'ఇక నీ వంతు' అని ఎవరూ చెప్పరు. అయినా మాట ఒకరి నుంచి మరొకరికి బంతిలా వెళ్తుంది. ఈ వరస వెనకున్న సూత్రాలను శాక్స్, షెగ్లాఫ్, జెఫర్సన్ అనే పరిశోధకులు 1974లోనే వివరించారు. 2009లో మరో బృందం పది భాషల్లో, అవును-కాదు అని జవాబిచ్చే ప్రశ్నలను తీసుకుని, ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఖాళీని కొలిచింది. సగటున అది సెకనులో అయిదోవంతు! జపనీయుల్లో దాదాపు శూన్యం, డేనిష్ మాట్లాడేవారిలో అర సెకను. అంటే ఎదుటివారి మాట పూర్తయ్యేదాకా మనం ఆగడంలేదు. వాక్యం ఎక్కడ ముగుస్తుందో ముందే పసిగట్టి జవాబు సిద్ధం చేసుకుంటున్నాం. గొంతులోని దిగుడు, తల ఊపడం, చూపు, పీల్చే ఊపిరి... ఇవన్నీ ఆనవాళ్లే. ఫోన్‌లో వీటిలో చాలావరకు ఉండవు.

గాల్లో ఇరుక్కున్న అర సెకను

దీనికి తోడు ఆలస్యం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అమెరికా దాకా 15 వేల కిలోమీటర్ల తీగ ఉందనుకున్నా ఆ దూరానికే 75 మిల్లీసెకన్లు పడుతుంది. ఆపైన మాటను ముక్కలు చేసి పంపడానికి కొంత, ముందూవెనకా వచ్చే ముక్కలను వరసలో పేర్చడానికి కొంత, వైఫైకి కొంత, బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే మరికొంత. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే ఇబ్బంది ఉండదనీ, 400 మించకూడదనీ అంతర్జాతీయ టెలికాం సమాఖ్య చెబుతోంది.

ఆలస్యం పావు సెకను ఉందనుకోండి. మీరు మాట ఆపిన సంగతి అవతలివారికి పావు సెకను తర్వాత తెలుస్తుంది. వాళ్ల జవాబు మీకు చేరడానికి ఇంకో పావు. అంటే మీకు అర సెకను అదనపు నిశ్శబ్దం. 'ఏమీ అనడంలేదే' అనుకుని మీరు మళ్లీ మొదలెడతారు. సరిగ్గా అప్పుడే వాళ్ల జవాబు వచ్చి మీ మాట మీద పడుతుంది. ఇద్దరూ ఆగుతారు. ఇద్దరూ మొదలెడతారు. లక్నో నవాబుల 'పహలే ఆప్' కథే!

గట్టిగా అన్నవాడిదే గెలుపు

ఇంటినిండా చుట్టాలున్నప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడినా మనకు కావలసిన మాట వినగలం. ఈ నేర్పు గురించి కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త 1953లోనే ప్రయోగాలు చేశారు. దీనికి రెండు చెవులూ సాయపడతాయి. ఏ గొంతు ఎటువైపు నుంచి వస్తోందో అవే పట్టిస్తాయి. మామూలు కాన్ఫరెన్స్ కాల్‌లో అన్ని గొంతులూ కలిసి ఒకేచోటు నుంచి వస్తాయి. పైగా చాలా వ్యవస్థలు గట్టిగా వినిపిస్తున్న రెండుమూడు గొంతులనే కలిపి పంపుతాయి, మిగతావాటిని వదిలేస్తాయి. ప్రతిధ్వని రాకుండా చూసే ఏర్పాటు కూడా స్పీకర్‌ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఒకరి గొంతును నొక్కేయవచ్చు. మెల్లగా మాట్లాడే అమ్మ ఓడిపోయేది ఇక్కడే.

ప్రాణాలు తీసిన ఈల

మాట మీద మాట పడితే ఏమవుతుందో 1977 మార్చి 27న ప్రపంచం చూసింది. స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవి విమానాశ్రయం. దట్టమైన పొగమంచు. రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు. కేఎల్ఎం విమానంతో కంట్రోలర్ 'ఓకే' అని, కాస్త ఆగి, 'టేకాఫ్‌కి సిద్ధంగా ఉండండి, నేను పిలుస్తాను' అన్నాడు. అదే క్షణంలో పానామ్ సిబ్బంది 'మేమింకా రన్‌వే మీదే ఉన్నాం' అన్నారు. ఒకే రేడియోలో రెండు మాటలూ ఢీకొని, కేఎల్ఎం కాక్‌పిట్‌లో 'ఓకే' తర్వాత ఈల లాంటి శబ్దం వినిపించింది. విమానం పరుగు ఆపలేదు. 583 మంది చనిపోయారు. ప్రమాదానికి ఇంకా కారణాలున్నా ఆ ఈల కూడా ఒకటి. ఆ తర్వాత నిబంధనలు మారాయి. అనుమతి ఇచ్చేటప్పుడు తప్ప 'టేకాఫ్' అన్న మాట వాడకూడదు. 'ఓకే' అంటే చాలదు, విన్నదాన్ని తిరిగి చెప్పాలి.

అపార్థం మనిషి మీదకి!

ఆలస్యం చేసే చెడు మరొకటుంది. లైనులో కావాలని ఆలస్యం పెట్టి మాట్లాడించిన జర్మనీ పరిశోధకులు 2014లో ఓ సంగతి గమనించారు. జనం లైనును తప్పుపట్టలేదు, అవతలి మనిషినే శ్రద్ధ లేనివాడిగా లెక్కగట్టారు. 'వాడికి మాతో మాట్లాడే ఓపికే లేదు' అని మనం నొచ్చుకున్నప్పుడు అందులో ఎంత కొడుకుది, ఎంత తీగది?

ఇలా చేసి చూడండి

* నలుగురు మించితే ఒకరు పెద్దరికం తీసుకోవాలి. పేరుపెట్టి పిలవాలి: 'అమ్మా, ఇప్పుడు నువ్వు చెప్పు'.
* మాట పూర్తయ్యాక మనసులో 'ఒకటి, రెండు' అనుకుని ఆగండి.
* 'ఏమంటారు అందరూ?' అని అడగొద్దు. అందరూ ఒకేసారి అంటారు.
* మాట్లాడనివారు మ్యూట్ చేసుకోవాలి. స్పీకర్‌ఫోన్ కంటే తీగ ఉన్న ఇయర్‌ఫోన్ మేలు.
* రెండు గొంతులు కలిస్తే వయసులో చిన్నవారు ఆగాలని ముందే అనుకోండి.
* మందులు, డబ్బు, ప్రయాణం తేదీల్లాంటివి విన్నవారు తిరిగి చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర్లో. కాల్ పెట్టేసేముందు ఒక్కొక్కరినీ 'ఇంకేమైనా చెప్పాలా?' అని అడగండి. అడిగాక ఆగండి. అర సెకను కాదు, కాస్త ఎక్కువే. నాన్న ఆయాసం గురించి అమ్మ అప్పుడు మళ్లీ చెబుతుంది. ఈసారి అందరికీ వినిపిస్తుంది.