బాటసారిని నిలిపిన బాతు

కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున, సూ సెయింట్ మేరీ పట్టణము దాటి, సుపీరియర్ సరోవరపు ఒడ్డు వెంబడి రెండువందల పైచిలుకు కిలోమీటర్లు సాగిన ప్రయాణికునకు, కొండలును సూదియాకుల అడవులును తప్ప వేరొకటి కానరాక కనులు అలసిన వేళ, వావా అను చిన్న ఊరి పొలిమేరలో, 28 అడుగుల ఎత్తున, రెక్కలు విప్పి మెడ సాచిన ఉక్కుబాతు హఠాత్తుగా దర్శనమిచ్చును. మా బండి ఆగీ ఆగకమునుపే మనుమలు దిగి పరుగెత్తిరి, "ఓలమ్మో, ఎంత బాతో సూడండి!" అని మా ఆవిడ సిక్కోలు యాసలోనే కేక పెట్టినది. అప్పటికే అచట ముక్కూమొగమూ తెలియని జనులు, పెద్దలు సైతము, చేతులు బారచాచి బాతులై ఫొటోలు దిగుచుండగా మేమును వారిలో కలిసిపోయితిమి.

ఈ వినోదము వెనుక ఒక ఊరి ఆరాటమున్నది. 1960 సెప్టెంబరులో ఆ సరోవరతీరపు రహదారి పూర్తియైనప్పుడు, అది ఊరి నడుమనుండి గాక అంచునుండి పోవుటచే, వాహనములేవియు ఆగవని వర్తకులు దిగులుపడిరి. ఆల్ టర్కాట్ అను స్థానిక వ్యాపారికి ఈ ఉపాయము తట్టెను. మొదటి ప్లాస్టరుబాతు అచటి శీతమునకు తాళలేక చెడిపోగా 1963లో ఉక్కుబాతును, అదియు తుప్పుపట్టగా 2017లో క్రొత్తదానిని నిలిపిరి. బేరముల కొరకు పుట్టినదని దీనిని తేలికగా చూచుట న్యాయము కాదు. బాటసారి పావుగంటసేపు బాలుడగుటకు తావిచ్చిన ఊరు అతనికి ఉపకారమే చేసినది.

మన శ్రీకాకుళపు దారియు నేడట్టిదే. విశాఖనుండి పూరీకి పోవు కుటుంబములు 16వ నంబరు జాతీయ రహదారిపై రణస్థలమున అందుకొన్న వేగము ఇచ్ఛాపురము దాటువరకు తగ్గించవు. టెక్కలియొద్ద నౌపడవైపు మళ్లినచో, ఉప్పుమడుల చేరువనే, తేలినీలాపురపు చింతచెట్లపై ప్రాణమున్న గూడబాతులును రంగుకొంగలును ఏటేటా శరత్తున దిగి, గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదురునంతలో ఎగిరిపోవునని వారిలో ఎందరెరుగుదురు? తల్లి గూడబాతు చేపలతో వచ్చి కొమ్మపై వ్రాలగానే, పిల్ల తన తలను మెడవరకు దాని ముక్కుక్రింది సంచిలో దూర్చి, రెక్కలు కొట్టుకొనుచు, లోపలి ఆహారమును తోడుకొనును. ఆ పెనుగులాటకు కొమ్మయంతయు ఊగిపోవును. ఊరివారు ఈ పక్షుల రాకను శుభమని నమ్మి, రెట్టల కంపును ఓర్చుకొని, వానిని కాపాడుచున్నారు. వారి ఓర్పు నాకు మిక్కిలి గౌరవపాత్రము.

నాకొక కోరిక గలదు. సరవకోట మండలమందలి బుడితి కంచరుల చేత ఒక పెద్ద ఇత్తడి గూడబాతును చేయించి, రహదారి మలుపున నిలుపవలెను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరిని, జీడిమామిడిని నేలగూల్చిన తీరమిది గనుక పునాది లోతుగా పడవలెను. పిల్లలు దాని సంచిలో తలలు దూర్చి ఎంతైన అల్లరి చేయవచ్చును, గాని ఆ అల్లరి అచ్చటనే తీరిపోవలెను. చెట్లయొద్ద హారను మ్రోగరాదు, గూళ్లక్రింద గుంపు చేరరాదు. తల్లి బెదరి లేచిపోయినచో గూటిలోని గ్రుడ్డు కాకిపాలగును.