మీకు తెలుసా? యజమాని ఊరెళ్తే గినీ పిగ్ ఏం చేస్తుంది?

ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, తిండి వస్తోందని ‘వీక్ వీక్’మంటూ కేకలు పెట్టే గినీ పిగ్, యజమాని రెండు రోజులు కనిపించకపోతే ఏమైపోతుంది? పక్కన సాటి గినీ పిగ్ ఉంటే పెద్దగా బెంగపడదు. ఇవి గుంపుగా బతికే జీవాలు. అందుకే స్విట్జర్లాండ్‌లో 2008 నాటి నిబంధనల ప్రకారం వీటిని ఒంటరిగా పెంచకూడదు.

అసలు చిక్కంతా తిండితోనే. ఒక్కరోజు మేత ముట్టకపోయినా పేగుల కదలిక మందగించి ప్రాణం మీదికి రావచ్చు. పైగా మనలాగే వీటి ఒంట్లోనూ విటమిన్ సి తయారు కాదు. రోజూ ఓ క్యాప్సికమ్ ముక్కో, కాస్త కొత్తిమీరో పడాల్సిందే. గిన్నె నిండా గింజలు పోసి తాళం వేసుకుని వెళ్తే కుదరదన్నమాట! గూడు మార్చకుండా, రోజుకు రెండుసార్లు వచ్చి ఎండుగడ్డి, నీళ్లు చూసే మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోండి.