మైసమ్మ ఎందుకు పలకదు తాతా?

"మైసమ్మకు ఏటా బోనం ఎత్తుతున్నాం కదా తాతా, మన చెరువు ఎందుకు బాగుపడలేదు?" అని అడిగావే, అది చిన్న ప్రశ్న కాదు బిడ్డా. మీ నానమ్మ అయితే "తల్లి గురించి అట్ల మాట్లాడొద్దు" అని నోరు మూయిస్తుంది. నేను మూయించను గానీ, జవాబు కోసం ముందు బోరు దగ్గరకు పోదాం, గుడి సంగతి తర్వాత చూద్దాం.

మొన్న ముసురు పట్టినప్పుడు పడ్డ వాన ఎక్కడికి పోయింది? కొంత పారి చెరువులో కలిసింది. చాలా మటుకు ఎండకు, మొక్కలకు పోయింది. మన కాజీపల్లి అడుగున ఉన్నది గ్రానైటు. పైన కుళ్లిన రాయి, దాని కింద పగుళ్లు, వాటిల్లోనే మన నీళ్లు. ఇలాంటి నేలలో పడ్డ వానలో పదో వంతు లోపలికి దిగితే గొప్ప.

అది దిగడం ఎవరు చూశారంటావా? ఉప్పల్‌లో ఎన్‌జీఆర్‌ఐ ఉంది చూడు, నేల లోపలి సంగతులు పరిశోధించడానికి 1961లో పెట్టిన సంస్థ, అక్కడి శాస్త్రజ్ఞులు చూశారు. వానాకాలానికి ముందే, వేళ్లు పెద్దగా అందని లోతులో, ట్రిటియం కలిపిన నీళ్లు కాసిని నేలలోకి ఎక్కించేవారు. ట్రిటియం అంటే హైడ్రోజన్‌లోనే బరువైన రకం. దానికి కొద్దిపాటి రేడియోధార్మికత ఉంటుంది కాబట్టి ఎక్కడ దాక్కున్నా పరికరానికి దొరికిపోతుంది. వానలు వెనకపట్టాక అక్కడే తవ్వి, పొరపొరకూ మట్టి తీసి, ఆ గుర్తు ఎంత కిందికి జరిగిందో కొలిచేవారు.

విచిత్రం ఏమిటంటే, కొత్త వాన పాతదాన్ని దాటుకుని బోరుకు పోదు. పైనుంచి దాన్ని నెడుతుంది, అంతే. కిక్కిరిసిన పటాన్‌చెరు బస్సులో వెనక డోరు దగ్గర ఒకడు జొరబడితే ముందు డోరు దగ్గర ఇంకెవరో కిందికి దిగిపోతారు, అట్లా అన్నమాట. రాతి పగుళ్ల గుండా కొంత నీరు అడ్డదారిన తొందరగా దిగడమూ ఉంది, అది వేరే కథ.

వేళ్ల మీద లెక్క వేద్దాం. మన దిక్కు ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అనుకో. అందులో పదో వంతు, 80. మీటరు లోతు మట్టి 150 మిల్లీమీటర్ల తేమ పట్టి ఉంచిందనుకుంటే, ఈ 80 దాన్ని ఏడాదికి అర మీటరు నెడుతుంది. నీటి మట్టం 10 మీటర్ల లోతున ఉంటే దాదాపు 20 ఏళ్లు. ఈ ఏడు పడ్డ చుక్క నువ్వు ఉద్యోగంలో చేరాక గానీ అక్కడికి చేరదు. ఇవాళ మోటారు తోడుతున్న దానిలో నువ్వు పుట్టకముందు పడ్డ వాన ఉంది.

మా చిన్నప్పుడు మొగులు మొండికేస్తే కప్పతల్లి ఆడేవాళ్లం. రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు గుమ్మరించేవారు. ఆయేటికి వాన రాకపోతే దేవుడు చెవిటివాడని అలిగేవాళ్లం. మరి మా నెత్తిన గుమ్మరించిన ఆ నీళ్లు ఎక్కడివి? వాన లేని ఏడు కూడా బావి అడుగున ఆ తడి ఎట్లా మిగిలింది? మాకన్నా ముందు ఎవరో కప్పతల్లి ఆడిన నాటి వాన అది. మేం తడుస్తూ అలిగాం!

ఇక చేదు సంగతి. వాన దిగే దారినే విషమూ దిగుతుంది, నేలకు ఆ తేడా తెలియదు. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ మందుల కంపెనీలు మొలిచాయి. వాటి మురికి ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర దాకా పోయింది. స్వీడన్ శాస్త్రజ్ఞులు ఈ దిక్కు చెరువుల్లో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా ఉందని 2009లో ప్రకటించారు. 500 మిల్లీగ్రాముల మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు! మన కాజీపల్లి చెరువు బురదనే పరీక్షించి 2014లో ఇంకో మాట చెప్పారు. బాక్టీరియాను మందులకు లొంగకుండా చేసే జన్యువులు అక్కడ స్వీడన్ చెరువుతో పోలిస్తే సుమారు 7,000 రెట్లు ఎక్కువట. బాక్టీరియా వాటిని ఒకదానికొకటి అందించుకుంటాయి కూడా.

పటాన్‌చెరు డాక్టరు అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు ఊళ్లను కూడగట్టి పోరాడారు. 1990లో సుప్రీంకోర్టు గడప తొక్కిన కేసు 2001లో హైకోర్టుకు మారి, ఆనక హరిత ట్రిబ్యునల్‌కు చేరి, 2017లో తీర్పు చూసింది. మన కోర్టుల కంటే మట్టే నయం, నా లెక్కలో అది 20 ఏళ్లకే దించేసింది.

అందుకే బిడ్డా, చెరువు బాగుపడడంలో జరిగిన జాప్యాన్ని మైసమ్మ ఖాతాలో రాయడానికి నాకు మనసొప్పదు. పోసింది మనుషులు, చూసీ చూడనట్టు ఊరుకున్నదీ మనుషులే. ఆమె కట్ట మీద కూర్చున్నది గండి పడకుండా కాయడానికని మా పెద్దలు నమ్మారు. తూము మూసే పని, మత్తడి బాగుచేసే పని మాత్రం ఊరే చేసుకునేది.

మరి ఆ వాన చుక్కలాగే మన మొక్కు కూడా నిజంగా లోపల కదులుతోందా అంటావా? నీళ్లకైతే ట్రిటియం ఉంది. మొక్కుకు గుర్తు పెట్టే పరికరం ఏ ల్యాబులోనూ లేదు. నేల సంగతి రుజువు, తల్లి సంగతి నమ్మకం, రెండూ కలిపి నీకు చెబితే అబద్ధమవుతుంది. నేను మాత్రం మొక్కుతున్నాను. నా మొక్కు నాకే తీరాలన్న పట్టింపు ఈ వయసులో పోయింది.

బోనాలప్పుడు నువ్వూ రా. కానీ బోనం అన్నానికి ఆ బోరు నీళ్లు పట్టనివ్వకు, నల్లా నీళ్లు పట్టమను. ఎవరైనా టీడీఎస్ మీటరు ముంచి అంకె బాగుందంటే నమ్మకు. అది నీటిలో కరిగిన ఉప్పుల్ని లెక్కేస్తుంది, మందుల్ని పట్టుకోలేదు.